గోడౌనులో నవ్వకూడదు

గుంటూరు మిర్చి గోడౌన్లలో ముప్పయ్యేళ్లుగా బస్తాలు మోస్తున్న ఆదాం గురించి చెప్పుకునే మాటల్ని సగానికి సగం కోసేసి నమ్మినా, మనిషి మామూలువాడు కాదని తేలుతుంది. ఒకసారి రెండు టిక్కీలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతుంటే పై టిక్కీ మీద పిల్లి ఈనిందట. కూనలు కళ్లు తెరిచేదాకా ఆదాం బరువు దించలేదట. ఈ కథకు సాక్షి ఆదామే. టిక్కీ అంటే నలభై కిలోలు దాటిన ఎండుమిర్చి బస్తా. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ పిల్లి గురించి అడగరు. "ఒకేసారి రెండా?" అని మాత్రం అడుగుతారు.

ఇన్ని కోతలు కోసేవాడూ గోడౌను లోపల మూగవాడే. అక్కడ అందరూ అంతే. నోరు తెరిస్తే ఘాటు గొంతులో దిగుతుంది. ఒకడు దగ్గితే వరస మొత్తం దగ్గుతుంది. అందుకని గుమ్మం బయటే చిన్న గుక్క గాలి పీల్చుకుని, దాంతోనే లోపలికెళ్లి, బస్తా దించి, బయటికొచ్చి వదలాలి. లోపల మాటలన్నీ వేళ్లతోనే. నవ్వు ఊసే లేదు. ఆదాం కథ గుర్తొచ్చి నవ్వొస్తే టీకొట్టుదాకా బిగబట్టుకోవాల్సిందే.

ఆ చిన్న గుక్క ఈమధ్య సగం దూరానికే అయిపోతోంది. బస్తాల నాలుగో వరస దగ్గర కళ్లముందు మిణుగురులు ఎగురుతున్నాయి. పోయిన చలికాలం ఇద్దరికి ఇలాగే ఆయాసం వస్తే ముఠా మేస్త్రీ మీరావలి వాళ్లను మోత మాన్పించాడు. అది చూసినప్పటి నుంచి ఆదాం చెప్పు తెగిందని ఒకసారి, బస్తా పట్టే కొక్కెం జారిందని ఒకసారి గుమ్మం బయట వంగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఒక్క వారంలో ఆ చెప్పు నాలుగుసార్లు తెగింది.

మేస్త్రీ కళ్లు కప్పగలిగాడు గాని భార్య మహిమ చెవులు మూయలేకపోయాడు.

"పడుకుంటే నీ రొమ్ములో ఈల వేస్తంది. ఆస్పత్రికి పోదాం పద."

"పోతే రొమ్ముకు ఫొటో తీస్తారు. తీస్తే కాగితం ఇస్తారు. ఆ కాగితం నాకంటే ముందు మీరావలి చేతికెళ్తది."

"అయితే మాస్టారి దగ్గరికన్నా రా."

మాస్టారంటే రిటైరైన డ్రిల్ మాస్టారు శ్యామ్ సుందర్. పొద్దున్నే చర్చి ఆవరణలో పదిమందిని నిలబెట్టి ఊపిరి తీయిస్తారు, నవ్విస్తారు.

"ముక్కుతో నిండుగా పీల్చు. పొట్ట ఉబ్బాలి. భుజాలెందుకు ఎత్తుతున్నావయ్యా? ఇక్కడ బస్తాల్లేవు, దించు," అన్నారు మొదటిరోజే.

తర్వాత అందరూ చేతులెత్తి హహ్హహ్హ అన్నారు. ఆదాం పెదాలు మాత్రం విడివడలేదు. పక్కనున్న పున్నమ్మ ఊరుకోలేదు.

"పిల్లి కథ చెప్పేవాడివి, నీకు నవ్వు రాదా అన్నా?"

"నవ్వించేవాడు నవ్వితే కథ చెడిపోద్దమ్మా."

మాట గట్టిగానే అన్నాడు గాని, లోపల భయం వేసింది. ముప్పయ్యేళ్లు మూసి ఉంచిన తలుపు తీద్దామంటే గడియ ఎక్కడుందో చేతికి తగలడం లేదు.

ఇరవై రోజులకు తగిలింది. పొట్ట ఉబ్బింది, నవ్వూ వచ్చింది. తన నవ్వుకు చర్చి గంట తనంతట తనే మోగిందని టీకొట్టు దగ్గర చెప్పుకున్నాడు. రొమ్ములో ఈల తగ్గిందని మహిమ కూడా అంది. ఇక కాగితంతో పనిలేదని ఆదాం ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆ సోమవారం నాలుగో వరస దగ్గర ఊపిరి అయిపోవస్తుంటే, అతని ప్రమేయం లేకుండానే ఒళ్లు మాస్టారి మాట విన్నది. ముక్కుతో నిండుగా, పొట్ట ఉబ్బేలా పీల్చింది. నిప్పు మింగినట్టయింది. బస్తా జారి పగిలింది. ఎర్రటి దుమ్ము లేచి ముఠా అంతా దగ్గుతూ బయటికి పరిగెత్తింది. ఆదాంను ఇద్దరు రెక్కలు పట్టుకుని లాక్కొచ్చారు.

అతను మాట్లాడగలిగేదాకా మీరావలి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఏరా, మళ్లీ చెప్పు తెగిందా?"

"లేదు. మాస్టారు చెప్పినట్టు పీల్చాను."

"గోడౌనులో పీల్చమన్నాడా?"

"మనం లోపల ఊపిరి బిగబడతామని ఆయనకేం తెలుసు? నేను చెప్పలా."

"ఎన్నాళ్లనుంచి ఇది?"

చెప్పడానికి మంచి కథ ఒకటి నాలుక చివరకొచ్చింది. ఆదాం దాన్ని మింగేశాడు. "పోయిన చలికాలం నుంచి."

మీరావలి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అందరి కళ్లూ కారుతూనే ఉన్నాయి.

"లోపల పడిపోతే నీ ఆకారాన్ని మోసే మగాడు ముఠాలో లేడురా. ఫొటో తీయించుకుని రా. అప్పటిదాకా గుమ్మం తొక్కొద్దు."

"తీయించుకొస్తే రానిస్తావా?"

మీరావలి లేచి మిగతావాళ్లకు వేళ్లతో సైగ చేశాడు. వాళ్లు గుక్క పీల్చుకుని లోపలికెళ్లారు.

ఎండ ముదరకముందే ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి మహిమ చేతిలో చాట కింద పెట్టింది.

"బస్తా పడేశాను. ఫొటో తెమ్మన్నాడు," అన్నాడు ఆదాం.

ఆమె బైబిలు మధ్యలోంచి ఆరోగ్యశ్రీ కార్డు తీసి కొంగున కట్టుకుంది. "ఆటో పిలవనా?"

"ఆటో ఎందుకు, నడుస్తా."

రెండిళ్లు దాటాక గోడ పట్టుకుని ఆగాడు. మహిమ కూడా ఆగింది.

"పిలువు," అన్నాడు.