కచేరీ ముందు ఆర్పించిన కందిలి

ఇదిగో, నా చేతికి ఇంకా అన్నం మెతుకు అంటుకునే ఉంది. దాని మీద ఒట్టు... ఇందులో ఒక్క మాట కల్పించింది లేదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచిపోతాను.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. కరీంనగర్‌లో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళి ఫోటోలు తీసీ తీసీ విసుగెత్తి ఉన్నాను. అలాంటప్పుడు ఇంజనీరు ఆఫీసు నుంచి కబురొచ్చింది. నిర్మల్ అవతల ఒక తాలూకా కచేరీ... ఊరి పేరు అడగొద్దు, చెప్పను... దాన్ని కూలగొట్టి కొత్తది కడతారట. నైజాం కాలపు కట్టడం కదా, ముందే ఫోటోలు తీయించి దాచుకుంటారట. ఎగిరి గంతేశాను. నా ఫోటో సర్కారు గోడకెక్కుతుందంటే మాటలా!

అబ్బ, ఏం కట్టడం అది! డంగుసున్నం గోడలు. ముందు ఏడు కమాన్లు. ప్రతి కమాను మీదా సున్నంతోనే తీర్చిన పూలతీగలు. పగలంతా తీశాను. అక్కడి చప్రాసి పోశెట్టి నాకు తోడున్నాడు. యాభై దాటిన మనిషి. నిచ్చెన మోశాడు, కమాన్లకు పట్టిన బూజు దులిపాడు, నా కెమెరా పెట్టె ఎక్కడికంటే అక్కడికి తెచ్చిపెట్టాడు. పొద్దుగూకే వేళ మెల్లగా అడిగాడు.

"సాబ్, నన్ను గూడ ఒక్కటి తియ్యుండ్రి. గీ కమాను కింద నిలవడ్త. మా ఇంటామె సూసి మురుస్తది."

"ఇది బిల్డింగు ఫోటో పోశెట్టీ. మనుషులు అడ్డమొస్తే ఖరాబైతది," అన్నాను.

"గట్లనా సాబ్," అని నవ్వి ఊరుకున్నాడు. ఒక్క గాజు ప్లేటు... ఒక్కటంటే ఒక్కటి ఖర్చయ్యేది నాకు.

ఆరోజు ఆగస్టు పదిహేను. రాత్రికి కచేరీ పిట్టగోడ మీదా కమాన్ల అంచునా నూనె ప్రమిదలు వెలిగించారు. చూడగానే నాకు ఆశ పుట్టింది. ఈ దీపాల వెలుగులోనే తీయాలి! కానీ ఆ కాస్త వెలుతురుకు కెమెరా మూత తీసి గంటసేపు అలాగే ఉంచాలి. ఆ గంటలో ఇంకే దీపం కదిలినా ప్లేటు మీద తెల్లటి గీత పడుతుంది. జనం వెళ్ళిపోయేదాకా కాచుకున్నాను. చివరికి నేనూ, చేతిలో కందిలి లాంతరుతో పోశెట్టీ మిగిలాం.

"కందిలి ఆర్పు," అన్నాను.

"వానల దినాలు సాబ్. పురుగు పుట్ర ఉంటది. కందిలి లేంది నేను అడుగు తీసి అడుగెయ్య."

"గంటే గదా! గంటల నిన్నేం మింగుతది?"

ఆర్పాడు. కెమెరా కాళ్ళ పక్కన పెట్టాడు. నేను మూత తీశాను.

పది నిమిషాలు గడిచాయో లేదో... ఎడమ కొసన రెండు దీపాలు కొడిగట్టడం మొదలైంది. నా ప్రాణం ఉసూరుమంది. నూనె వెనక కొట్టంలో ఉందన్నాడు. తెమ్మన్నాను. పోశెట్టి కందిలి వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. చీకట్లోనే వెళ్ళాడు.

కిర్రు... కిర్రు... అతని తోలు చెప్పుల చప్పుడు గోడ మలుపు తిరిగింది. ఆగిపోయింది.

కప్పలు అరుస్తున్నాయి. చూరు నుంచి నీళ్ళు... టప్... టప్... చేతి గడియారపు రేడియం ముళ్ళ మీదే నా చూపంతా. ముప్పావుగంట దగ్గర పడింది. ఉన్నట్టుండి కప్పలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

కిర్రు... కిర్రు...

వెనక నుంచి వస్తోంది. నెమ్మదిగా. నా భుజం దగ్గరికొచ్చి ఆగింది. ఊపిరి వినిపిస్తోంది. బరువుగా...

"సాబ్... ఇగ కందిలి ముట్టియ్యనా?"

"ఆగు," అన్నాను. తల తిప్పలేదు. "నూనె తెచ్చినవా?"

ఊపిరి మాత్రం ఉంది. మళ్ళీ...

"సాబ్... జర ముట్టియ్యనా? ఏం కనవడ్తలేదు..."

గొంతు పోశెట్టిదే. కానీ... ఎట్లా చెప్పను... నాలుక మొద్దుబారినట్టు ముద్దముద్దగా ఉంది మాట. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఆగుమన్న గదా! పావుగంట ఓపిక లేదా?"

అంతే. ఊపిరి చప్పుడు లేదు. చెప్పులు తిరిగి వెళ్ళిన చప్పుడూ లేదు.

గంట నిండింది. మూత పెట్టాను. "ఇగ ముట్టియ్యి పోశెట్టీ!" అన్నాను. అగ్గిపుల్ల గీశాను. కందిలి పెట్టినచోటే ఉంది. పోశెట్టి లేడు.

కొట్టం గడపలో పడి ఉన్నాడు. చేతిలో నూనె డబ్బా. మడమ పైన రెండు గాట్లు. ఒళ్ళు చల్లగా ఉంది... తడినేల మీద పడ్డందుకో, ఎప్పుడో పోయినందుకో, ఆ భగవంతుడికే తెలియాలి.

నా కేకలకు ఊరు లేచింది. నాటువైద్యుడొచ్చి చూశాడు. "నాగుపాము. గంటసేపైతుంది పోయి. పడ్డకాడికెంచి లేవనే లేవలే," అన్నాడు. దవాఖానా కాంపౌండరు ఒప్పుకోలేదు. "విషమెక్కితే ముందు కనురెప్పలు వాల్తయి, నాలుక మొద్దువడ్తది. గట్లనే నడుస్తరు. ఇటు అటు తిరిగి మల్ల నూనెకు పోయిండేమో!" అన్నాడు. నూనె తెచ్చావా అని అడిగింది నేనే కదా.

పోశెట్టి భార్య భూమవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "చీకట్ల ఎందుకు పోయిండు? కందిలి లేంది వాకిట్లకు గూడ రాడు గదా!"

అందరూ నా వైపు చూశారు.

"గాలికి ఆరిపోయింది," అన్నాను. ఈ నోరే అంది ఆ మాట.

భూమవ్వ కందిలి చేతిలోకి తీసుకుంది. గాజు మీద చెయ్యి ఆనించింది. "గాలివానల చేను కాడికి తీస్కపోయే కందిలి సాబ్ ఇది. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు ఆరలే," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కందిలి కింద పెట్టి మళ్ళీ తనే అడిగింది. "ఫోటో తీపిచ్చుకుంట అని పొద్దుగాల చెప్పి పోయిండు. తీసిండ్రా?"

తల అడ్డంగా ఊపాను. అంతకుముందు కందిలికి ఊపినట్టే.

ప్లేటు బ్రహ్మాండంగా వచ్చింది. ఏడు కమాన్లూ, ప్రతి తీగా. ఎడమ కొసన రెండు దీపాలు మాత్రం పలచగా ఉన్నాయి. భూతద్దం పెట్టి రాత్రుళ్ళు వెతికాను. ఏమీ లేదు. ఎలా ఉంటుంది? అతను నిలబడింది కెమెరా వెనక కదా. నేను తల తిప్పి ఉంటే తెలిసేది.

మీరు చెప్పండి... అది దయ్యమేనంటారా? అనండి. గట్టిగా అనండి. దయ్యమే అయ్యుండాలని ఇన్నేళ్ళుగా మొక్కుకుంటున్నాను. ఎందుకంటే అది దయ్యం కాకపోతే... బతికున్న మనిషి నా భుజం దగ్గర నిలబడి, కనబడట్లేదు సాబ్ అంటే... నేను ఆగమన్నాను.