కార్జం ఎవరిది

నా చిన్నప్పుడు మా ఇంట్లో మేకను కోస్తే కార్జం, అదే కాలేయం, మగపిల్లలదే. ఒకపక్క అన్నం ఉడుకుతుండగానే మా నాయనమ్మ దానికి ఉప్పు రాసి, నిప్పుల మీద కాల్చి, మా అన్న చేతిలో, బాబాయి కొడుకుల చేతుల్లో పెట్టేది. నేను చెయ్యి చాపితే వేళ్ల మీద కొట్టేది. కార్జం తింటే దమ్మొస్తుందట, ఆడపిల్లకు దమ్ముతో పనేమిటట. వాళ్లు నా ఎదుటే చప్పరిస్తూ, తియ్యగా ఉందని ఊరించేవారు. ఆ వాసన తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, నోరూ ఊరుతుంది.

ఒక దసరాకు ఆ కోపం ముదిరింది. సెలవులయ్యాక కోదాడలో జరిగే పరుగు పందేలకు మా బడి నన్ను పంపుతానంది. మా ఊరి నుంచి ఆడపిల్ల పందేనికి వెళ్లడం అదే మొదలు. నాయనమ్మ సరే అంటే తప్ప నాన్న ఊ అనడు. ఆమె అననంటే అననంది. "కార్జం తిన్నోళ్లకు గూడ ఆయాసమొస్తది. దీనికి గంత దమ్ము ఏడికెళ్లొస్తది? నడుమల పడిపోతే నలుగుట్ల నవ్వులపాలైతం" అని తేల్చేసింది. నేను కంచం పక్కకు తోశాను. కార్జం పెట్టనిదీ నువ్వే, దమ్ము లేదనేదీ నువ్వేనా అని అరిచాను.

పండుగకు మిర్యాలగూడ నుంచి వచ్చిన మా మేనత్త అక్కడే కూర్చుని ఉంది. ఆమె బడిలో సైన్సు చెప్పేది. నాకో ముక్క ఇప్పిస్తుందని ఆశపడ్డాను. ఆమె మాత్రం నాయనమ్మను అడిగింది.

"ఆడమేకకు కార్జం ఉంటదా అమ్మా?"

"ఎందుకుండదు?"

"మరి నీ మనుమరాలికి?"

నాయనమ్మ పొయ్యిలోకి చూస్తూ నిప్పులు ఎగదోసింది.

అత్త నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, తోసేసిన కంచం మళ్లీ నా ముందుకు జరిపింది. మనం తిన్న అన్నం, జొన్న గట్క కడుపులో చక్కెరగా మారి నెత్తురులో కలుస్తాయట. అప్పటికి వాడుకోగా మిగిలిన చక్కెరను కార్జం గొలుసుల్లా అల్లి దాచుకుంటుందట. అలా దాచిన చక్కెర పేరు గ్లైకోజెన్. ఆకలేసినప్పుడు, పరిగెత్తినప్పుడు ఆ గొలుసులు తెంపి, చక్కెరను తిరిగి నెత్తురులోకి వదులుతుందట. కాళ్లూ చేతుల కండల్లోనూ కొంత దాగి ఉంటుంది. కానీ కండ తన సద్ది మూట తానే తింటుంది, ఇంకొకరికి విప్పదు. కార్జం అలా కాదు, ఇంట్లో వడ్లు దాచే గుమ్మి లాంటిది, ఒళ్లంతటికీ పెడుతుంది. మావాళ్లు ఊరించిన ఆ తీపి కూడా మేక దాచుకున్నదాంట్లో కరిగి మిగిలిన చక్కెరేనట. "అది మేకది. నీది నీకున్నది బిడ్డా. కడుపునిండ తిను, ఉరుకు" అంది.

నాకు కావలసింది ముక్క, పాఠం కాదు. అయినా పంతం కొద్దీ తిన్నాను. మా అన్న మాత్రం, కార్జం తిన్నవాడికి అన్నమెందుకని మీసం లేని మూతి తిప్పి ఆటకు పోయాడు. పొద్దుగూకేదాకా కబడ్డీ ఆడి, అన్నం ముట్టకుండానే పడుకున్నాడు. అత్త వాడిని బలవంతం చేయలేదు. పొద్దున్నే ఇద్దరూ సాగర్ కాలువ కట్ట మీద తూము దాకా పరిగెత్తి రావాలని మాత్రం చెప్పింది. తెల్లారాక నాకు గట్క పోసింది. వాడు దాన్నీ వద్దన్నాడు.

పోయేటప్పుడు వాడే ముందు. నన్ను వెక్కిరించడానికి వెనక్కి తిరిగి కూడా పరిగెత్తాడు. తూము దాటి మళ్లాక వాడి కాళ్లు తడబడ్డాయి, ముఖం పాలిపోయింది, కట్ట మీదే కూలబడ్డాడు. నేను ఆగలేదు. అత్త బెల్లం ముక్కతో వాడికి ఎదురెళుతుంటే, నేను నాయనమ్మ ముందు నిలబడి రొప్పుతూ, "దమ్ము ఏడికెళ్లొచ్చింది?" అని అడిగాను. ఆమె నా చెమట కొంగుతో తుడిచి, "పో, కోదాడకు పోయి సావు" అంది. ఆమె నోట దీవెన అలాగే వచ్చేది.

కోదాడలో నేను గెలవలేదు. పడిపోనూ లేదు. గీత దాటేదాకా పరిగెత్తాను. అది నాకు చాలు, ఊరికి చాలకపోతే ఊరి ఖర్మ.

ఇప్పుడు సూర్యాపేటలో మా ఇంట్లో కార్జం కాల్చేది నేనే. మొన్న దసరాకు మనుమడు అందరికంటే ముందు చెయ్యి చాపాడు. పక్కనున్న మా వియ్యపురాలు "ముందు మగపిల్లగానికి పెట్టు వదినా, దమ్మొస్తది" అంది. నేను వాడి వేళ్ల మీద కొట్టలేదు, ఆ దెబ్బ నాకు తెలుసు. ఇంటిల్లిపాదికీ సమంగా కోసి పెట్టాను, మనుమరాలి చేతిలోనూ పెట్టాను. "దమ్ము కోసం కాదే, రుచికి తిను. ఇది మేకది. నీది నీకున్నది, ఉరుకు" అన్నాను.

తరువాత నా ముక్క నేను నోట్లో వేసుకున్నాను. నిజంగానే తియ్యగా ఉంటుంది.