బార్ నాలుగు పాయింట్ ఆరు

పీయూసీలో నేను కెమిస్ట్రీ తప్పింది ఒకే ఒక్క రకం లెక్క వల్లనని నా గట్టి నమ్మకం. పీహెచ్ ఇస్తారు, యాసిడ్ గాఢత ఎంతో కట్టమంటారు. పీహెచ్ మూడు పాయింట్ నాలుగైతే గాఢత పది పవర్ మైనస్ మూడు పాయింట్ నాలుగు. అక్కడిదాకా బాగానే ఉండేది. ఆ తర్వాత లాగ్ టేబుల్ తియ్యాలి. ఆ దిక్కుమాలిన పుస్తకంలో మైనస్ అంకెలుండవు. నేను పాయింట్ నాలుగుకి చూసి, వచ్చిన రెండున్నర పక్కన పది పవర్ మైనస్ మూడు తగిలించేవాణ్ణి. ప్రతిసారీ తప్పే. దాన్ని "బార్ నాలుగు పాయింట్ ఆరు" చెయ్యాలని గుంటూరులో మా లెక్చరర్ గారు అయిదుసార్లు ఇంగ్లీషులో చెప్పారు. ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. మూడు నాలుగెలా అవుతుంది, నాలుగు ఆరెలా అవుతుంది?

సెప్టెంబరులో మళ్లీ తప్పితే చదువు కట్టిపెట్టి మిరప చేలోకి దిగమని నాన్న తేల్చేశాడు.

ఆ రోజు మా అక్క వసారాలో విత్తడానికి పత్తి గింజలకి పేడ రుద్దుతోంది. నాకంటే ఆరేళ్లు పెద్దది. ఊళ్లోనే ఇచ్చారు. నన్ను ఎత్తుకోవడానికి మనిషి కావాలని మూడో క్లాసులో బడి మాన్పించారు.

"ఏందిరా ఆ గొణుగుడు?" అంది.

"మూడు పాయింట్ నాలుగు, అంటే మూడు మీద పదింట నాలుగు పాళ్లు, కిందికి దిగాలి. ఈ టేబుల్లో పైకి ఎక్కడమే ఉంది," అని విసుక్కున్నాను.

"మన బావి లెక్కేగా," అంది.

మా ఊళ్లో బావి నీళ్ల లోతు ఒరల్లో, అంటే బావి లోపల ఒకదానిమీద ఒకటి పేర్చిన చుట్టల లెక్కలో చెబుతారు. మూడు ఒరలు దాటి నీళ్లుంటే, నాలుగో ఒర అడుగునించి ఎంత పైకున్నాయో చెబుతారు.

"నాలుగు దిగు. అక్కణ్ణించి పదింట ఆరు పాళ్లు పైకి రా."

పాయింట్ ఆరుకి చూశాను. మూడు పాయింట్ తొమ్మిదెనిమిది, పది పవర్ మైనస్ నాలుగు. పుస్తకం వెనక జవాబదే. సంతోషం రాలేదు, ఒళ్లు మండింది.

అక్క చేతులు కడుక్కొచ్చింది. "ఇంకోటియ్యి."

అయిదు పాయింట్ మూడు ఇచ్చాను. "ఆరో ఒర, ఏడు పాళ్లు," అని, టేబుల్ మీద వేలు పెట్టి తనే అయిదుకి చేరింది. "ఇంకోటి," అంది.

"ఆ గింజలు ఆరిపోతన్నాయి, చూడవే!" అని నాన్న కేకేశాడు. అక్క లేచింది.

సెప్టెంబరులో పాసయ్యాను. "వీడి బుర్ర నాకు ముందే తెలుసు, అందుకే చదివించా," అని నాన్న పదిమందితో చెప్పుకున్నాడు. అక్క వాళ్లకి మజ్జిగ పోస్తూ విన్నది. నేనూ గ్లాసు చాపాను.