తెరిచిన తలుపుల మధ్య నాటకం

ఐరిష్ పట్టణం లెటర్‌కెన్నీలో మా ఔత్సాహిక బృందం వేయాల్సిన నాటకం ఇంకో పదకొండు రోజుల్లో ఉందనగా లాక్‌డౌన్ వచ్చి ఆగిపోయింది. పొలం అమ్మాలా వద్దా అని తగువులాడుకునే ఇంటి కథ అది; అందులో నాది పెద్దకోడలి వేషం. అంతకుముందు రెండేళ్లూ చిన్న పాత్రలే వేశాను. మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు నావి నాలుగు మాటలు. మూడో మాటకు హాలంతా నవ్వింది. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తూ రోజంతా "సారీ, మళ్లీ చెప్పు" అనిపించుకునే నా గొంతు కోసం ఆ చీకట్లో అంతమంది చెవులు రిక్కించారు. అంత సంతోషం నేను ఈ దేశంలో అంతవరకూ ఎరగను.

హాలుకు తాళం పడ్డాక జూమ్‌లో రిహార్సల్ పెట్టారు. నవ్వు రావాల్సిన చోట ఏమీ వినపడలేదు, అందరూ మైకులు ఆపుకున్నారు. రెండో వారం నేను వెళ్లలేదు.

కేర్ హోమ్‌లోకి బయటివాళ్లను రానివ్వడం మానేశారు. పెద్దవాళ్లంతా ఎవరి గదుల్లో వాళ్లు. నేను ఇంటికొచ్చి, షవర్ తిప్పి ఏడ్చేదాన్ని.

"జనం పోతుంటే నీకు నాటకం గురించి దిగులేంటి?" అన్నారు మావారు. కోపంతో కాదు, భయంతో అన్నారు. 

మా కేర్ హోమ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేది. తిండి మానేసింది. ఒకరోజు చెంచా పట్టుకుని ఏం చెయ్యాలో తోచక, రక్షణ గౌనులో, మాస్కులో నిలబడి నా పెద్దకోడలి మాటలు చెప్పాను. ఆమె కళ్లు తెరిచింది.

"గట్టిగా చెప్పు. ఆ గుడ్డ వెనక ఏం గొణుగుతున్నావో తెలియట్లేదు."

గట్టిగా చెప్పాను. ఎదురు గదిలోని ముసలి రైతు "తర్వాతేమైంది?" అని అరిచాడు.

కేర్ హోమ్ చూసుకునే మేట్రన్‌ని అడిగితే ఒప్పుకుంది. మర్నాటి నుంచి తొమ్మిది గుమ్మాల్లో తొమ్మిది కుర్చీలు, కారిడార్ మధ్యలో నేను. అన్ని పాత్రలూ నావే. రోజుకో రంగం. ఒక గుమ్మంలో మొదలైన నవ్వు పక్క గుమ్మానికి పాకేది. మాస్కు లోపల చెమట పెదాల మీదికి కారుతున్నా ఆపబుద్ధి కాలేదు. టీచరమ్మ నా మాటలు వింటూ సూప్ తాగింది.

నాలుగో రోజు నాకు జ్వరం వచ్చింది. పరీక్షలో కోవిడ్ అని తేలింది. నన్ను పడకగదిలో పెట్టి తలుపేశారు.

"అమ్మా, విల్ ఐ లీవ్ ద టీ హియర్?" అనేది బయటినుంచి మా అమ్మాయి.

టీ చల్లారిపోయేది. అరిచి అరిచి చెప్పిన ప్రతి మాటా ఏ గుమ్మంలోకి ఏం మోసుకెళ్లిందోనని లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని.

తిరిగి పనికి వెళ్లేసరికి తొమ్మిది గదుల్లో నాలుగు ఖాళీ. టీచరమ్మ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"నావల్లేనా?" అని మేట్రన్‌ని అడిగాను.

"తెలీదు. నీకంటే ముందు లాండ్రీలో ఇద్దరికి వచ్చింది. ఎవరివల్లో ఎవరికీ తెలీదు."

నన్ను తిట్టినా బాగుండేది. ఆ 'తెలీదు'తో బతకడం నాకు చేతకాలేదు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను.

రైతు బతికాడు. మందులివ్వడానికి వెళితే అడిగాడు, "చివరికి వాళ్లు ఆ పొలం అమ్మేశారా, లేదా?"

"ఇంక నావల్ల కాదండీ."

"అది తెలియకుండా పొమ్మంటావా నన్ను?"

మర్నాడు మేట్రన్‌ని అడిగి, కిటికీలన్నీ తెరిచి, కారిడార్ చివర దూరంగా నిలబడ్డాను. గొంతు పెంచకుండా చివరి రంగం చెప్పాను. ఐదు గుమ్మాలే తెరుచుకున్నాయి. ఎవరూ నవ్వలేదు. అయ్యాక రైతు కుర్చీ చేతి మీద రెండుసార్లు తట్టి, "గ్రాండ్" అని లోపలికి వెళ్లిపోయాడు.

హాలు మళ్లీ తెరిచాక నాకు వేషం ఇచ్చారు. ఒప్పుకున్నాను. గొంతు పెంచాల్సిన చోట ఇప్పటికీ ఒక్క క్షణం నాకు ఊపిరాడదు. అది దాటాక వచ్చే సంతోషం కోసమే వెళుతున్నాను, సిగ్గుపడుతూనే.