డబ్బాల వరుస

ధారావిలో మా గల్లీ చివర ఉన్న మరుగుదొడ్లకు ద్వారకా మావశి కాపలా. మావశి అంటే ఇక్కడి మరాఠీలో పిన్ని. ఎనభై ఇళ్లకు ఆరు దొడ్లు. ఇరవై రెండేళ్లుగా తాళంచెవి ఆమె నడుముకే వేలాడింది. నోరు చెడ్డది, మనసు మంచిది. పొద్దున్నే మాకు బదులు మా నీళ్ల డబ్బాలు వరుసలో నిలబడతాయి. ఏ డబ్బా ఎవరిదో మావశికి కంఠతా వచ్చు.

ఆ వేసవిలో పక్క గల్లీలో జ్వరంతో నాలుగు రోజుల్లో ఇద్దరు పోయారు. ఆ ఇంటికి అడ్డంగా వెదుళ్లు కట్టి, మిగిలినవాళ్లను వ్యానులో తీసుకుపోయారు. దూరం, దూరం, ముక్కుకి వాసన తెలియకపోతే జ్వరం తగిలినట్టే అని మైకులో ఒకటే అరుపు. పదడుగుల గదిలో ఏడుగురం ఉంటే దూరం ఎక్కణ్ణుంచి తెస్తాం? మా అత్తకు పాత ఉబ్బసం. ఈ జ్వరం తగిలితే మనిషి దక్కదని డాక్టరు ముందే చెప్పాడు. నా భయమంతా అదే.

దూరం తెచ్చింది మావశే. సుద్దముక్కతో నేలంతా గళ్లు గీసింది.

"ఎవరూ ఇక్కడ నిలబడొద్దు. డబ్బా పెట్టి ఇంటికి పోండి. వంతు రాగానే నేనే కేకేస్తా."

"నా డబ్బా వెనక్కి తోస్తావేమో మావశీ" అన్నాడు ఎదురింటి బబన్.

"ముందు నిన్ను తోస్తా. పో!"

ఒకరు వెళ్లగానే వెనక డబ్బాలన్నీ ఒక్కో గడి ముందుకు జరిపేది. మా అత్తది ఆకుపచ్చ డబ్బా. వంగితే ఆయాసమని దాన్ని మావశే ఆమె చేతికి అందించేది. పదిహేడు రోజులు మా గల్లీలో ఒక్క దగ్గు వినపడలేదు. నేను పొంగిపోయాను, దాచడమెందుకు.

పద్దెనిమిదో పొద్దున డబ్బా పెట్టబోతే కంపు గుప్పుమంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"మావశీ, గుంత పొంగింది చూడు!"

"ఎక్కడే? ఇప్పుడేగా ఫినాయిల్ పోశాను. రెండ్రోజులుగా వాసనన్నదే లేదు ఇక్కడ."

మురుగు ఆమె చెప్పుల పక్కనుంచే పారుతోంది. అది చూసింది. నా కొంగు వంక చూసింది. ఫినాయిల్ సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది, మళ్లీ పెట్టుకుంది. తర్వాత తన రెండు చేతులూ చూసుకుంది.

"శుభ్రంగా కడిగాననుకున్నానే తల్లీ" అంది చివరికి.

దూరంగా పోయి గోడవార కూలబడి గల్లీ అదిరేలా అరిచింది. "డబ్బాలు ముట్టుకోకండి! అన్నిట్నీ నేనే ముట్టుకున్నా!"

దాచుకునే మనిషైతే దాచుకునేదే. తనే కబురంపి వ్యాను పిలిపించుకుంది. మెట్టెక్కుతూ నా వైపు తిరిగింది.

"మీ అత్తెలా ఉందే?"

"బానే ఉంది మావశీ. నువ్వు తొందరగా వచ్చెయ్."

డబ్బాలు రోజంతా గళ్లలోనే ఉండిపోయాయి. తెచ్చుకోవడానికి ఒక్కరూ రాలేదు.

మూడో సాయంత్రం ఎండు బొంబిల్ చేపలు పెనం మీద వేశాను. ఆ వాసన గల్లీ దాటిపోతుంది.

"వదినా, నాకూ రెండు ముక్కలుంచు!" ఎదురింట్లోంచి బబన్ కేకేశాడు.

మా అత్త పొయ్యికి జానెడు దూరంలో, వీపు ఇటు పెట్టి బియ్యం ఏరుకుంటోంది.

"ఏమే, అంత ఆశగా అడుగుతున్నాడు" అంది, "ఏం వండుతున్నావేమిటి?"