ఐదు సోలల ఉప్పు

దెయ్యాలున్నాయని ఎవరైనా చెబితే వాళ్లకి ఇంట్లో పని తక్కువైందని అనుకునేదాన్ని. చీకట్లో ఏదో కదిలిందంటే లేచి లైటు వేసి చూడమంటాను. చూశాక ఆర్పేయమని కూడా అంటాను. అలాంటి నాకు జరిగిన సంగతి ఇది. అదీ పట్టపగలు, పదకొండు గంటలకి, ఏసీ గదిలో.

మాది కంకిపాడు. నేను మూడో తరగతితో బడి మానేశాను. మా అబ్బాయి కూతురు ప్రసన్న విజయవాడ దగ్గర ఒక యూనివర్సిటీలో చదువుతోంది. అక్కడ పిల్లలే నడుపుకునే రేడియో ఉంది. మాట్లాడేదీ వాళ్లే, మిషన్ ముందు కూర్చునేదీ వాళ్లే. చుట్టుపక్కల ఊళ్లలో వినిపిస్తుంది. చదువు మానేసి ఈ వాగుడేమిటని నేను చాలాసార్లు కేకలేశాను.

శనివారం పొద్దున అరగంట సమయం ఏడాది పొడుగునా ఎవరికివ్వాలా అని వాళ్ల మాస్టారు రెండు జట్లకి నెల రోజుల పరీక్ష పెట్టారు. వినేవాళ్ల నుంచి ఎవరికి ఎక్కువ ఫోన్లు వస్తే వాళ్లకే ఆ అరగంట. ప్రసన్న జట్టుది వంటల కార్యక్రమం. మూడు వారాలు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. మిగిలింది ఒక్క వారం. పిల్ల అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలుకుతోంది.

"నానమ్మా, నువ్వొచ్చి ఆవకాయ చెప్పవే. అసలే కాయల రోజులు."

"నేను చెబితే ఎవరింటారే?"

"నువ్వు చెబితే వినకుండా ఎవరుంటారు? మా నాన్నే లేచి నుంచుంటాడు."

అన్నం పారేయనంటే వస్తానన్నాను. కంచం ఖాళీ చేసింది.

శనివారం బస్సెక్కి వెళ్లాను. గది చిన్నది, గోడలకి మెత్తలు అంటించారు. అద్దం అవతల ప్రసన్న స్నేహితురాలు సునీత మిషన్ ముందు కూర్చుంది. నా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించారు. ఫోన్లు వస్తే సునీత ఒక మీట పైకి జరుపుతుందట, అప్పుడు ఆ గొంతు నాకూ, బయట వినేవాళ్లకీ వినిపిస్తుందట.

నేను చెప్పడం మొదలుపెట్టాను. కాయ తుడవడం, జీడి తీయడం, అన్నీ చెప్పాను. నూనె కాగబెట్టక్కర్లేదు, గ్యాసు దండగ అని కూడా చెప్పాను. తరవాత కొలతలు. పాతిక కాయలకి మానికెడు కారం, మానికెడు ఆవపిండి, ఐదు సోలల ఉప్పు. మానిక పెద్ద కొలత, సోల అంటే మా ఇంట్లో ఉన్న చిన్న ఇత్తడి కొలత. ఉప్పు దానితోనే కొలుస్తాం. కాపరానికి వచ్చిన ఏడాది మా అత్తగారు ఐదన్నారు, అప్పటినుంచీ ఐదే వేస్తున్నాను.

"ఐదు సోలలు, రాసుకోండి" అని రెండోసారి కూడా చెప్పాను. అప్పుడు చెవిలో ఎవరో దగ్గారు.

"ఏమే, ఐదంటావేంటి? అందరి సోలా మన సోలా ఒకటేనా? మనదానికి అడుగు సొట్ట పోయింది. బావిగట్టు మీద నా చేతిలోంచే జారింది. వాళ్లని నాలుగే వెయ్యమను. ఊరందరి జాడీలూ ఉప్పు కషాయం చేస్తావా ఏంటి?"

నేను లేచి నుంచున్నాను. మా అత్తగారి ముందు నేనెన్నడూ కూర్చోలేదు. పమిట భుజం మీదికి లాక్కున్నాను.

"అలాగే అత్తయ్యా" అన్నాను.

"నుంచుంటే నుంచున్నావు గానీ ఆ వైరు తెంపకు."

తరవాత ఏ గొంతూ లేదు. మా అత్తగారు ప్రసన్న పుట్టకముందే పోయారు.

నేను నుంచునే, ఉప్పు నాలుగు సోలలేనని, ఐదని చెప్పడం నా పొరపాటని మూడుసార్లు చెప్పాను. కార్యక్రమం అయిపోగానే మొదటి ఫోను వచ్చింది. ఎవరో కోడలు పిల్ల. "ఐదో సోల చేతిలో పట్టుకునే ఉన్నానండీ. మీ అత్తగారికి దణ్ణం పెట్టానని చెప్పండి" అంది. ఆ వెనకే ఇంకో ఆవిడ, "ఆ పెద్దావిడ వచ్చేవారం కూడా తిడతారా అండీ?" అని అడిగింది. వరసగా తొమ్మిది ఫోన్లు వచ్చాయి. ప్రసన్న గంతులేసింది. గోడకున్న మెత్త ఊడుతుందని మందలించాను.

అప్పుడు సునీత లోపలికి వచ్చింది. మొహం తెల్లబోయి ఉంది.

"మామ్మగారూ, నేను ఫోను మీట జరపనే లేదండీ."

ఫోను తీసి చూపించింది. ఆ పొద్దున వచ్చిన ఫోన్లలో మొదటిది ఆ కోడలు పిల్లదే. అంతకుముందు ఏమీ లేదు. ఎవరో ఆట పట్టించి ఉంటారని నేనన్నాను. నేను నుంచున్న సంగతి ఆ ఆట పట్టించేవాళ్లకి ఎలా తెలిసిందని సునీత అడిగింది. బస్సు టైమైందని బయల్దేరాను.

ఇంటికి రాగానే సోల తీసి వేలు పెట్టి చూశాను. అడుగు లోపలికి ఉబ్బి ఉంది. ఇన్నేళ్లూ తోమాను గానీ ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. నీళ్లతో కొలిచాను. మానిక నిండడానికి మా సోలతో ఐదు పట్టాయి. పక్కింటి సోల అడిగి తెచ్చి కొలిస్తే నాలుగే. ఆ నీళ్లు మొక్కలకి పోశాను.

కార్యక్రమం అంతా రికార్డు అయి ఉంది. దగ్గు కూడా ఉంది. మా అబ్బాయికి వినిపించాను. రెండోసారి కూడా పెట్టించుకుని విన్నాడు, తరవాత నవ్వాడు.

"మా నాయనమ్మే అమ్మా. నిన్ను తిట్టడానికి ఇంత దూరం వచ్చిందా?"

శనివారం అరగంట ప్రసన్న జట్టుకే వచ్చింది. సోమవారం కాలేజీ నుంచి ఫోను చేసింది. కార్యక్రమంలో మాట్లాడిన ప్రతివాళ్ల పేరూ, ఊరూ, ఫోను నంబరూ రిజిస్టరులో రాయాలట. దగ్గి మాట్లాడిన ఆవిడ గడులు ఖాళీగా ఉంటే మాస్టారు సంతకం పెట్టనన్నారట.

"ఏం రాయమంటావు నానమ్మా?"

మా అత్తగారి పేరు చెప్పాను, ఊరు చెప్పాను. ముందు 'శ్రీమతి' అని చేర్చమన్నాను. నంబరు అడిగింది. తెలియదన్నాను. ఆ గడిలో గీత పెట్టమన్నాను.