మోకు లేకుండా కూర్చోవడం

మా మామ చెట్టు దిగాకే పడ్డాడు. కల్లు లొట్లు కింద పెట్టి, మోకు విప్పి భుజాన వేసుకుని, నాలుగడుగులు వేశాడో లేదో కుప్పకూలాడు. ఆ పక్షవాతం తాటిచెట్టు మీద ఉండగా వచ్చి ఉంటే బాధ లేకుండా పోయేవాడని ఊళ్లో కొందరన్నారు. మంచి మాట అనుకునే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కుడి కాలు, కుడి చేయి పడిపోయాయి. నోరు వంకరపోయింది కానీ మాట కొన్నాళ్లకు తిరిగి వచ్చింది. మాట రాగానే ఆయన అడిగింది, తన చెట్లు ఎవరు గీస్తున్నారని.

మా ఊరు పెద్దవంగర దగ్గర. అవి సాయుధ పోరాటం రోజులు. పోలీసు యాక్షన్ అయిపోయింది, ఇక నిమ్మళంగా ఉండొచ్చని అనుకున్నాం గానీ, మా వైపు పల్లెల్లో నిమ్మళం ఎక్కడిది? మా ఆయన అప్పటికే దళంలో కలిసి అడవి పట్టాడు, ఎప్పుడో ఒక రాత్రి దొంగచాటుగా వచ్చి పోయేవాడు. ఊరికి కొంత దూరంలో సిపాయిల క్యాంపు పడింది. లారీ దుమ్ము కనబడగానే గుట్ట మీద ఉన్నవాళ్లు కేక వేసేవారు. ఆ కేకతో ఊరు ఊరంతా వాగు దాటి అవతలి చేలల్లో దూరేది. దొరికినవాళ్లను మీ కొడుకెక్కడ, నీ మొగుడెక్కడ అని అడిగేవారు. ఆ అడగడం ఎట్లా ఉండేదో చూసినవాళ్లకు తెలుసు.

అందుకని మామ నడవాలి. మళ్లీ చెట్టెక్కాలని ఎవరమూ కోరుకోలేదు. వాగు దాకా నడిస్తే చాలు. మొదటిసారి కేక పడ్డప్పుడు నలుగురు మగవాళ్లు మంచంతో సహా ఆయన్ని మోసుకుపోయారు. ఆ తర్వాత మోసే మగవాళ్లే ఊళ్లో మిగలలేదు. మా అదృష్టం కొద్దీ లారీలు కూడా చాన్నాళ్లు మా ఊరి వైపు రాలేదు. వస్తాయని మాత్రం అందరికీ తెలుసు.

మా అత్త చేయని వైద్యం లేదు. పావురం రక్తం పూసి ఎండలో పడుకోబెడితే వాతం విరుగుతుందని ఎవరో చెప్పారు. ఊళ్లో పావురాలు తగ్గాయి, వాతం తగ్గలేదు. నూనెలు మర్దన చేసింది. పక్కింటావిడను తోడు పిలిచి, చెరో రెక్కా పట్టుకుని వాకిట్లో నడిపించబోయేది. మనిషి ఇద్దరి మీదా వేలాడేవాడు, కాలు వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. ముగ్గురూ కలిసి పడిన రోజులు కూడా ఉన్నాయి.

చివరికి బండి కట్టించుకుని మానుకోట స్టేషనుకు పోయి, అక్కడి నుంచి రైల్లో డోర్నకల్ దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ కాలు ముట్టుకోలేదు. మామను మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, తన చేయి తీసేసింది. ఆయన కుడిపక్కకు మెల్లగా ఒరిగిపోయాడు. ఆమె పట్టుకుని నిలిపింది, మళ్లీ వదిలింది, మళ్లీ ఒరిగాడు. కాలు సంగతి తర్వాత చూద్దాం, ముందు నడుమూ పొట్టా గట్టిపడాలి, మొండెం నిలవకపోతే కాలుకు బలం వచ్చినా అడుగు పడదు అని చెప్పింది. మందు ఇవ్వలేదు. ఇంత దూరం వచ్చి, కూర్చోవడం ఎట్లాగో చెప్పించుకుని పోతున్నామా అని మా అత్త రైలెక్కే దాకా గొణుగుతూనే ఉంది.

మా అత్త తన ఏడుపులో డాక్టరమ్మ చెప్పినదేదీ వినలేదు. తలుపు చాటున నిలబడి అంతా విన్నది నేను. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి కాసేపు ఆపాలి. మంచం అంచున, ఏదీ పట్టుకోకుండా, దేనికీ ఆనుకోకుండా కూర్చోవాలి. ముందుకు వంగి మళ్లీ నిటారుగా రావాలి. మంచి చేతిని చెడ్డ పక్కకు చాచి ఏదైనా అందుకోవాలి, ఒరిగిపోకుండా తిరిగి రావాలి. చెప్పడానికి చిన్నపిల్లల ఆటలాగా ఉంటుంది. చేసేవాడికి చెమటలు కారేవి.

మా ఇళ్లల్లో కోడలు మామ ఎదుట నిలబడదు, ముట్టుకోవడం అసలే లేదు. అందుకని చేతులు మా అత్తవి, నోరు నాది. నేను తలుపు వెనక నుంచి చెప్పేదాన్ని, ఆమె పట్టేది. పిరుదులు ఎత్తించేటప్పుడు మాత్రం నన్ను పెరట్లోకి తరిమేది. అయ్యిందా అత్తా అని నేను పెరట్లోంచి అరిస్తే, మెల్లగ అడుగు, ఊరంత ఇంటది అని కసిరేది. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు వినబడిందంటే అప్పుడే.

కూర్చోవడమే కుదరలేదు. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా కుడికి ఒరగడమే. ఒక పొద్దున ఆయనకే విసుగొచ్చింది. చూరుకు వేలాడుతున్న మోకు వైపు చూపించాడు. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే ఆ తాడుకు వీపు ఆనించి ఆయన ముప్పయ్యేళ్లు బతికాడు.

"మోకు తేండ్రి. ఎట్ల కూసోవాల్నో నాకు జెప్పుతరా?"

ఇంటి గుంజకు దగ్గరగా పీట వేసి, గుంజనూ ఆయన నడుమునూ కలిపి మోకు చుట్టింది మా అత్త. ఆయన వెనక్కి వాలాడు. మోకు బిగిసింది. వెన్ను నిటారుగా నిలిచింది, తల పైకి లేచింది, వంకర నోటితోనే ఆయన నవ్వాడు. చూడడానికి పక్కవాళ్లంతా వచ్చారు. చెట్టు మీద ఉన్నట్టే ఉన్నడని మురిసిపోయారు. మా అత్త కళ్లు తుడుచుకుంది. పొద్దు గుంకే దాకా ఆయన అట్లాగే ఉన్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

అందరి సంతోషం చెడగొట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను. తలుపు వెనక నుంచి ఒకసారి మోకు విప్పి చూడమన్నాను. అత్త వినలేదు. అప్పుడు కొంగు నెత్తిమీదికి లాక్కుని వాకిట్లోకి వచ్చి నేనే విప్పాను. పెళ్లయ్యాక మామ ఎదుటికి రావడం అదే మొదటిసారి. ఆయన మునుపటికన్నా తొందరగా ఒరిగాడు. మా అత్త పట్టుకోకపోతే తల గుంజకు తగిలేది.

"కూసున్నది మోకు మామా, నువ్వు గాదు" అన్నాను.

ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. నన్ను మా అత్త అనరాని మాటలన్నీ అన్నది. కానీ మర్నాడు మోకు అడగలేదు. మంచం అంచునే కూర్చోబెట్టమన్నాడు.

ఆ తర్వాత వానాకాలం అంతా అదే పని. జొన్న గటక తాగేంతసేపు కూర్చోవడం, ముందుకు వంగి రావడం. కుడిపక్క పీట మీద తాటాకు రేకలో కల్లు పోసి పెట్టేవాళ్లం. ఎడమ చేయి చాచి, ఒలకకుండా తెచ్చుకుంటే తాగొచ్చు. మొదట్లో సగం నేలే తాగింది. తర్వాత్తర్వాత ఒక్క చుక్క కూడా కింద పడలేదు. చలికాలం వచ్చేసరికి ఆయన మంచం అంచున రెండు పాదాలూ నేలకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా కూర్చునేవాడు. గుంజ పట్టుకుని లేచి, కర్ర మీద గడప దాకా వచ్చేవాడు. అంతకు మించి ఒక్క అడుగు పడేది కాదు. కుడి కాలు అట్లాగే ఈడ్చుకుంటూ వచ్చేది. నడుము వచ్చింది గానీ నడక రాలేదు. గడప నుంచి వాగు దాకా ఎంత దూరమో నేను రోజూ చూసుకునేదాన్ని. అది తరిగేది కాదు.

ఆ చలికాలంలోనే ఒక రోజు మళ్లీ కేక పడింది. అప్పటికి పొద్దు బాగా ఎక్కింది. అందరూ పరుగు తీస్తున్నారు. మా అత్త కదలనంది. కడుపుతో ఉన్న కోడలిని ఒక్కదాన్ని ఎట్లా పంపుతావని ఆయనే ఆమెను గద్దించి లేపాడు. మేము వచ్చేలోగా పడిపోకుండా ఉంటాడని ఆమె మోకు తెచ్చింది. ఆయన ఎడమ చేత్తో దాన్ని తోసేశాడు.

"మోకు వద్దు. కట్టేసిన గొడ్డు లెక్క దొర్కను నేను. నువ్వు నేర్పినట్టె కూసుంట, పో బిడ్డా."

నేను వాకిట్లోంచి వెనక్కి తిరిగి చూశాను. మంచం అంచున, పాదాలు నేలకు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ చూస్తే సంతోషపడేది.

మేము తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. జరిగింది ఎదురింటి అవ్వ చెప్పింది. ఆమె నడుము పూర్తిగా వంగిపోయిన మనిషి, పరుగెత్తలేక ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెను చూసి సిపాయిలు వదిలేశారట. మామను లెమ్మన్నారట. వాతం అని ఆయన చెబితే నవ్వారట.

"గంత మంచిగ కూసున్నోనికి నడవరాదంటె ఎవ్వలు నమ్ముతరు బిడ్డా" అన్నది అవ్వ.

మంచంలో ఒరిగి పడి ఉంటే ముసలోడని వదిలిపోయేవాళ్లు. మోకుతో గుంజకు కట్టి ఉన్నా రోగమని తెలిసేది. ఈ మాట నాకు తోచినట్టే మా అత్తకూ తోచే ఉంటుంది. ఆమె బతికినన్నాళ్లూ ఒక్కసారి కూడా నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

గడప దగ్గర మొదలై, వాకిలి దాటి, బాట దాకా దుమ్ములో జాడ ఉంది. ఎడమ పాదం ముద్ర, దాని పక్కన కుడి కాలు గీసిన గీత. మళ్లీ పాదం, మళ్లీ గీత. మధ్యలో ఒకటి రెండు చోట్ల పడి లేచిన గుర్తులు. ఆ జాడ బాట మీద లారీ చక్రాల గుర్తుల దగ్గర ఆగిపోయింది. వాగు అంత దూరమూ లేదు ఆ బాట. మేము ఏడాది పాటు నడిపించలేని దూరం మాత్రం అదే. మా అత్త అంత మేర ఊడవనివ్వలేదు, పేడనీళ్ల సానుపు చల్లనివ్వలేదు. గాలికి, పశువుల కాళ్లకు అదే చెరిగిపోయింది. మామ మళ్లీ రాలేదు. ఎక్కడ పారేశారో ఎవరూ చెప్పలేదు.

పోరాటం ఆగిపోయాక మా ఆయన జైలు నుంచి వచ్చాడు. అప్పటికి మా బిడ్డకు నడక వచ్చింది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చూరుకు ఉన్న మోకు చూసి అడిగాడు.

"అప్పటికి నాయినకు నడక వచ్చిందా?"

అవునంటే ఎందుకు పారిపోలేదంటాడు. లేదంటే ఎట్లా తీసుకుపోయారంటాడు. మా అత్త లోపల పొయ్యి దగ్గర కదలకుండా వింటోంది.

"నడిసిండు" అన్నాను.